ముల్లు కదల్లేదు

"ఆ మేడమీది తీగ ఏ గాలికో తెగి కరెంటు తీగల మీద పడిందంటే, ముగ్గురం ఉన్నవాళ్ళం ఉన్నట్టు మాడిపోతాం. నేను చెప్పేది ఎవరి చెవికైనా ఎక్కుతోందా?"

ఎక్కలేదు. ఆ ఆదివారం పొద్దున అప్పటికింకా ఏమీ జరగలేదు. మా ఆయన వరండా పక్కనున్న చిన్నగదిలో తన రేడియో పెట్టె ముందు కూర్చుని చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుంటున్నారు. మా అమ్మాయి మేడమీది గదిలో తన పెట్టె ముందు కూర్చుంది. ఒకే కప్పు కింద ఉన్న తండ్రీ కూతుళ్ళు గాల్లో మాట్లాడుకోవడానికి కప్పు మీద రెండు తీగలు కట్టుకున్న కొంప మాది. నేను చేతిలో గరిటెతో మెట్ల దగ్గర నిలబడి అటొకసారీ ఇటొకసారీ నా భయం వినిపిస్తున్నాను.

నేను భయపడింది తీగ గురించి. తెగింది మాత్రం తీగ కాదు.

మా ఆయన బస్సు డిపోలో ఎలక్ట్రీషియన్. పెళ్ళికి ముందునుంచే ఆయనకి హామ్ రేడియో పిచ్చి. లైసెన్సు ఉంది, గోడకి ఫ్రేము కట్టించి పెట్టుకున్నారు. మాట్లాడే పెట్టె కూడా తన చేత్తో తను చేసుకున్నదే. దాని ముందు ఒక అద్దం, అద్దం వెనక అంకెల పట్టీ, దాని మీద నాబు తిప్పితేనే కదిలే ఎర్ర ముల్లు. ఆదివారం పొద్దున్నే చుట్టుపక్కల ఊళ్ళలోని హాములంతా ఒకే చోట చేరి వంతులవారీగా మాట్లాడుకుంటారు. దాన్ని నెట్టు అంటారు. ఎవరి తరవాత ఎవరు పలకాలో చెప్పే పెత్తనం మా ఆయనది. వయసులో పెద్ద, పనిలో పాత. అందుకని గాల్లో ఆయన పేరు పెద్దాయన. ఇంట్లో గిన్నె ఎక్కడుందో తెలియని మనిషి గాల్లో పెద్దాయన.

జరిగింది అర్థం కావాలంటే ఆ పెట్టెల సంగతి కాస్త చెప్పాలి. నేను చదువుకున్నది తక్కువ. ఇన్నేళ్ళు ఆ గది ఊడుస్తూ వినీ వినీ పట్టుబడినదే చెబుతాను.

ప్రతి పెట్టెలోనూ ఆసిలేటర్ అని ఒకటుంటుంది. ఒక తీగచుట్ట, పక్కన ఒక కండెన్సర్. ఒకసారి తోస్తే ఉయ్యాల అటూ ఇటూ ఊగినట్టు, ఆ రెండిటి మధ్యా కరెంటు ఊగుతుంది. ఆ ఊపు చచ్చిపోకుండా వెనకనుంచి ఒక ట్రాన్సిస్టరు సమయానికి చిన్న తోపు తోస్తూ ఉంటుంది. సెకనుకు ఎన్నిసార్లు ఊగిందన్నదే గాల్లో మన చోటు. ఉయ్యాల తాడు పొడుగైతే ఊపు నెమ్మదిస్తుంది కదా. అలాగే పెట్టె వేడెక్కి తీగచుట్ట పిసరంత సాగినా ఊపు నెమ్మదించి, మన చోటు మనకు తెలియకుండానే కిందికి జారిపోతుంది. జారకుండా ఉండాలంటే క్వార్ట్జ్ ముక్క పెట్టి కట్టెయ్యాలి. అది మొండిది, ఎండకీ చలికీ లొంగదు.

ఇక ఆ ఊపు మీదికి మనిషి గొంతు ఎక్కించడాన్ని మాడ్యులేషన్ అంటారు. గొంతు చొక్కా అనుకోండి, ఊపు హ్యాంగరు. పాత పద్ధతిలో హ్యాంగరుతో సహా పంపేవారట. వీళ్ళ పద్ధతిలో హ్యాంగరు తీసేసి చొక్కా ఒక్కటే, అదీ సగానికి మడిచి పంపుతారు. బరువు తగ్గుతుంది, దూరం పోతుంది. విన్నవాడు తన పెట్టెలో పుట్టే ఊపునే హ్యాంగరుగా పెట్టి ఆ చొక్కా తగిలించుకోవాలి. ఆ హ్యాంగరు సరిగ్గా పంపినవాడి చోటులోనే ఉండాలి. కొంచెం పక్కకుంటే మాట తెలుస్తుంది గాని గొంతు మారిపోతుంది. ఒకవైపు జరిగితే బాతు, ఇంకోవైపు జరిగితే ఎలుగుబంటి. జరిగింది నువ్వా నేనా అన్నది వింటే మాత్రం తెలియదు. ఎవరి చెవికి వాళ్ళు సరిగానే ఉంటారు. వింతగా వినిపించేది ఎప్పుడూ అవతలివాడే.

మా గొడవంతా అక్కడే పుట్టింది.

మా అమ్మాయిని ఇంట్లో బుల్లెమ్మ అంటాం. తూకం యంత్రాల కంపెనీలో పరీక్షించే పని. ఏ యంత్రాన్నీ దాని ముల్లును చూసి నమ్మదు. గాజుపెట్టెలో దాచిన తూకపు దిమ్మ తెచ్చి పళ్ళెంలో పెట్టి, అప్పుడు నమ్ముతుంది. అలాంటి పిల్ల తండ్రిని చూసి తనూ లైసెన్సు తెచ్చుకుని, క్వార్ట్జ్ ముక్క పెట్టి ఒక చిన్న పెట్టె చేసుకుంది. ఆ రోజు మొదటిసారి దానితో నెట్టులోకి వచ్చింది, నేనూ వినాలని మా ఆయన హెడ్‌ఫోను పిన్ను పీకేశారు. కొత్త చీర కట్టుకున్నదానిలా ఉంది మొహం. గాల్లో బంధుత్వాలు ఉండకూడదని మా ఆయన రూలు. అందుకని తండ్రిని "నెట్టు కంట్రోలర్ గారూ" అంది. నేను మెట్ల దగ్గర నవ్వుకున్నాను.

మొదట బాగానే ఉంది. వంతులు రెండోసారి తిరిగేసరికి మా ఆయన మొహం చిట్లించారు.

"మీ గొంతు పీపాలోంచి వస్తోంది. మీ ఆసిలేటర్ జారుతోంది. సరిచేసుకోండి."

మేడమీదనుంచి దాని గొంతు నాకు రెండు దారుల్లో వినిపించింది, మెట్ల మీదుగా ఒకటి, పెట్టెలోంచి ఒకటి.

"నాది క్వార్ట్జ్‌కి కట్టేసి ఉందండీ. నేను కొలిచే చేశాను. జారుతున్నది మీరు, నెట్టు కంట్రోలర్ గారూ."

 మా ఆయన నవ్వారు. ఆ నవ్వు నాకు తెలుసు. డిపోలో ఎవరైనా కొత్త కుర్రాడు పని తప్పు పట్టినప్పటి నవ్వు.

"అందరినీ అడుగుతాను. నేను జారుతున్నానా? ఒక్కొక్కరే చెప్పండి."

ఒక్కొక్కరే చెప్పారు. మా వీధి చివర కళ్ళజోళ్ళ షాపాయన ముందు చెప్పాడు. "మీరు చోటులోనే ఉన్నారు అన్నగారూ." ఆ తరవాత డ్రిల్లు మాస్టారు. ఆ తరవాత ఎక్కడో కొండ పక్క ఆసుపత్రిలో పనిచేసే నర్సు, కాస్త ఆగి, "నాకు సరిగానే వినిపిస్తున్నారు" అంది. తానా అంటే తందానా అన్నారు అందరూ.

"విన్నారుగా" అన్నారు మా ఆయన. "నిలకడ లేనివాళ్ళకి ఈ నెట్టులో చోటు లేదు. ఆసిలేటర్‌ని ఒకచోట కూర్చోబెట్టడం నేర్చుకుని అప్పుడు రండి."

మేడమీద కుర్చీ జరిగిన చప్పుడైంది. అది మెట్లు దిగి వచ్చి గది గుమ్మంలో నిలబడింది.

"నాన్నా, అంతమంది ముందు నన్ను నిలకడ లేనిదాన్నన్నావు."

"ముల్లు చూడు. కదిలిందా? పొద్దున పెట్టిన చోటే ఉంది."

"ముల్లు కదలకపోతే బరువు మారనట్టేనా? నేను రోజూ చూసేదే అది. ముల్లు బయట ఉంటుంది, తప్పు లోపల ఉంటుంది."

"అంతమంది అబద్ధం చెబుతారా, నువ్వొక్కదానివే నిజం చెబుతావా?"

 అది నా వైపు చూసింది. నేనేం చెప్పను? నాకు ఆ క్షణాన తోచింది ఒక్కటే. "గ్యాస్ మీద గిన్నె మాడుతోంది, ముందు అందరూ అవతలికి నడవండి" అన్నాను. అది నవ్వలేదు.

ఆ వారంలోనే కంపెనీ దగ్గర గది అద్దెకు తీసుకుని వెళ్ళిపోయింది. వెళుతూ నాతో చెప్పింది, "అందరి ముందూ అన్నాడు. అందరి ముందే వెనక్కి తీసుకోవాలి. అప్పటిదాకా నేను ఆయనతో మాట్లాడను. మధ్యలో నువ్వు కబుర్లు మొయ్యకు."

మొయ్యకుండా ఎలా ఉంటాను? ఆయనకి చెప్పాను. "నిజాన్ని వెనక్కి తీసుకోమంటే ఎలాగే?" అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆ గొంతు ఇసుమంత కూడా తడబడలేదు. నా ఒళ్ళు మండిపోయింది. కూతురు గడప దాటిపోతే మనిషికి కాస్తన్నా ఎక్కడో కలుక్కుమనాలి. ఈయనకి కలుక్కుమనదు. ఈయన ముల్లు కదలదు.

దాని గదికి వెళ్ళి చూశాను. మూడో అంతస్తు. మెట్ల పక్క పిట్టగోడ నా మోకాలంత ఉంది. కళ్ళు తిరిగి అటు పడితే నేరుగా కిందికే. తలుపు గడియ వదులు. ప్లగ్గు దగ్గర గోడ నల్లబడి ఉంది. అన్నీ చూసుకుంటూ నేను అంటూనే ఉన్నాను.

"ఈ గడియ గట్టిగా తుమ్మితే ఊడొస్తుంది."

"తుమ్మనులే అమ్మా."

"ఈ ప్లగ్గు కాలుతుంది."

"కాలితే ఆర్పుతా."

"నీ రేడియో ఏదే?"

మంచం కిందికి చూపించింది. అట్టపెట్టెలో పెట్టి, పైన పాత దుప్పటి కప్పి ఉంది. తీగలన్నీ చుట్టి రబ్బరు బ్యాండ్లు వేసింది. ఆ తీగ వద్దు, ఆ తీగ వద్దు అని ఇంటి చుట్టూ తిరిగి మొత్తుకున్నదాన్ని నేను. ఆ చుట్టను చూసేసరికి నాకు ఏడుపొచ్చింది, వెంటనే కోపం వచ్చింది.

"దాన్ని అలా పాడుబెట్టావేం?"

"ఎవరితో మాట్లాడాలి? అందరూ చోటులోనే ఉన్నారుగా, నేనేగా తేడా" అంది. అంటున్నప్పుడు దాని పెదవి కింద చిన్న వణుకు. చిన్నప్పుడు దెబ్బ తగిలి ఏడవకుండా బిగబట్టుకున్నప్పుడూ అదే వణుకు. మళ్ళీ తనే అంది, "ఎవరికైనా ఇచ్చేస్తాను. కంపెనీలో ఒకాయన అడుగుతున్నాడు. ఈ ఆదివారం దాటితే తీసుకెళ్ళమన్నాను."

 ఆ పెట్టె పోతే తండ్రీ కూతుళ్ళకి ఉన్న ఒక్క దారీ పోతుంది. వాళ్ళిద్దరూ ఎదురెదురుగా కూర్చుని పట్టుమని నాలుగు మాటలు మాట్లాడుకున్నది నేనెప్పుడూ చూడలేదు. మాట్లాడుకున్నదంతా పెట్టెల తీగలు అతికే టంకం పొగలోనే. ఆ ఒక్కటీ పోయిందా, ఇక రేపు ఆయన మంచాన పడ్డా ఇది రాదు, దీనికి ఏదైనా అయినా ఆయనకి తెలియదు, మధ్యలో నేను ఆ పిట్టగోడ పక్కనుంచి ఎక్కీ దిగీ పడి చస్తాను. నా బుర్ర అంతే. ఒక్క నిమిషంలో ముగ్గురినీ చంపేస్తుంది.

తిరిగి వస్తూ కళ్ళజోళ్ళ షాపులోకి వెళ్ళాను. ఆయన అద్దం అరగదీస్తున్నాడు. నన్ను చూసి స్టూలు లాగాడు.

"రండి వదినగారూ. అన్నగారికి దగ్గర చూపుకి కొత్తవి కావాలా?"

"ఆయనకి ఏ చూపూ లేదు, కొత్తవేం చేసుకుంటాడు? మీరు కాస్త మా అమ్మాయికి నచ్చజెప్పండి. తప్పు దానిదే అని ఒప్పుకుని నెట్టులోకి వచ్చేస్తే గొడవ వదిలిపోతుంది. ఆయన మెట్టు దిగరు. అదే దిగాలి."

కళ్ళజోళ్ళాయన అద్దం కింద పెట్టాడు. బల్ల మీద లేని దుమ్ము తుడిచాడు. నీళ్ళు నమిలాడు.

"అలా ఒప్పుకోమంటే పాపం ఎలా వదినగారూ?"

"ఏం? తప్పు దానిదేగా?"

"అంటే... అన్నగారి పెట్టె పాతది కదండీ. వేడెక్కితే కాస్త కిందికి జారుతుంది. మాకు ఆయన గొంతు బాతులా వినిపిస్తుంది. మేం కాస్త నాబు తిప్పుకుని ఆయన వెనకే వెళతాం. మళ్ళీ జారితే మళ్ళీ తిప్పుకుంటాం. అలవాటైపోయింది. మొన్నామధ్య అలా జారి జారి ఇంకో నెట్టువాళ్ళ నెత్తినెక్కాం. వాళ్ళు తిట్టిపోశారు. తప్పు మాదేనని చెప్పుకున్నాం." ఆయన చిన్నగా నవ్వబోయి, నా మొహం చూసి మానుకున్నాడు. "మేమంతా ఆయన వెనక వెళతాం కాబట్టి ఆయనకి మేం సరిగా వినిపిస్తాం. పాప ఒక్కతే నిలబడ్డ చోట నిలబడింది. అందుకని ఆయనకి పాపే తేడాగా వినిపించింది. ఆయన చెవి తప్పేం కాదండీ."

నేను స్టూలు మీదనుంచి లేచాను.

"ఎన్నాళ్ళనుంచి?"

"చాలా ఏళ్ళే అయింది."

"అందరికీ తెలుసా?"

"అందరికీ. కాని పెద్దాయనకి ఎవరు చెబుతారు వదినగారూ? మనసు కష్టపెట్టుకుంటారని..."

"ఆయన మనసు కష్టపడకూడదని నా కూతురి నోట్లో మన్ను కొట్టారా?" నా గొంతు పెరిగింది. కళ్ళజోడు సరిచేయించుకోవడానికి వచ్చిన ఒక ముసలావిడ గుమ్మంలోనే ఆగిపోయింది. ఆగనీ. "అది చెప్పింది. ఆయన కూడా అడిగాడు, ఒక్కొక్కరినీ. నోరు విప్పి అవును అనడానికి మీకేమయింది? ముందు మీరే చెప్పారు, చోటులోనే ఉన్నారు అన్నగారూ అని. నేను మెట్ల మీద నిలబడి విన్నాను. దాని పెట్టె అట్టపెట్టెలో ఉంది ఇప్పుడు. మీ గౌరవం ఎంత ముద్దుగా ఉందో వెళ్ళి ఆ మంచం కింద చూసి రండి."

"అమ్మా, శాంతించండి. ఈ ఆదివారం నేను చెబుతాను."

"చెబుతారా?"

"మెల్లగా చెబుతాను."

"ఇంకా మెల్లగానా? ఏళ్ళు పట్టింది చాలదా?"

ఇంటికొచ్చి ఆయనకి ఏమీ చెప్పలేదు. చెబితే ఏమంటారో నాకు తెలుసు. ముల్లు చూడు, అంటారు. నేను చెబితే పెళ్ళాం మాట, కూతురు చెబితే పిల్ల మాట. ఆయన చెవికి ఎక్కే మాట గాల్లోంచి రావాలి. ఆదివారం దాకా ఆయనకి కంచం టక్కున పెట్టడం, టీ గ్లాసు ఠక్కున దించడం చేశాను. "ఏంటే, గిన్నెలతో కూడా మోర్స్ కోడ్ కొడుతున్నావు" అన్నారు. నేను పలకలేదు. అమ్మాయికి ఫోను చేస్తే ఎత్తలేదు. ఆదివారం పొద్దున ఒక్కసారి ఆ పెట్టె బయటికి తీసి విను అని చీటీ రాసి, దాని గది తలుపు కింద తోసి వచ్చాను. చూసిందో, ఊడ్చి పారేసిందో తెలియదు.

ఆదివారం నెట్టు మొదలయ్యేసరికి నేను ఆ గదిలో ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాను. హెడ్‌ఫోను పిన్ను పీకేశాను. పెట్టె చప్పుడు గదంతా వినిపించింది.

"ఏం చేస్తున్నావే?"

"నేనూ వింటాను. లోకం ఏమంటోందో."

ఆయన వింతగా చూసి, వంతులు మొదలుపెట్టారు. కళ్ళజోళ్ళాయన పలికాడు. వాతావరణం గురించి చెప్పాడు. కొత్తగా కట్టిన తీగ గురించి చెప్పాడు. "ఇంకో విషయం అన్నగారూ..." అని ఆగాడు. నేను పీట ముందుకి జరుపుకున్నాను. "ఏం లేదు, తరవాత మాట్లాడతాను" అని వంతు డ్రిల్లు మాస్టారికి ఇచ్చేశాడు.

ఇక ఈయన చెప్పడు, చెప్పాల్సింది నేనే. లైసెన్సు ఉన్న మనిషి పక్కనుండగా ఇంట్లోవాళ్ళు మైకులో పలకరించే ఆనవాయితీ వాళ్ళలో ఉంది. పండుగలకీ పుట్టినరోజులకీ ఆడవాళ్ళ చేత నమస్కారాలు చెప్పిస్తారు. నేను చెయ్యి చాపాను.

"నేను మాట్లాడాలి."

"ఇప్పుడా? ఎందుకు?"

"పలకరించడానికి."

ఆయన ముచ్చటపడ్డారు పాపం. మా ఇంటావిడ మీ అందరినీ పలకరిస్తుందట అని చెప్పి, బొత్తాం నొక్కి మైకు నా ముందు పెట్టారు.

"అందరికీ నమస్కారం. నేను పెద్దాయన ఇంటావిడని. మీకు ఒక్క పని చెబుతాను. ఇప్పుడు మీరున్న చోటే ఉండండి. ఆయన ఎటు పోయినా నెట్టు అయిపోయేదాకా ఎవరూ నాబు ముట్టుకోవద్దు. అందరూ చేతులు ఒళ్ళో పెట్టుకోండి. కళ్ళజోళ్ళాయనా, ముందు మీరు. అన్నగారి మనసు గురించి మీరేం బెంగపెట్టుకోకండి, అది నేను చూసుకుంటాను."

ఆయన బొత్తాం వదిలేశారు. మొహం ఎర్రబడింది.

"నీకేమైనా మతి పోయిందా? నలుగురిలో నా పరువు తీస్తావా?"

"మీ ముల్లు కదలదుగా. భయమెందుకు?"

ఆ మాట తగిలింది. ఆయన మైకు లాక్కున్నారు. "సరే. మా ఆవిడ ముచ్చట తీరుద్దాం. ఎవరూ కదలకండి" అని చెప్పి, ఎప్పటిలాగే తీగలు ఎంత ఎత్తున కట్టాలో ఉపన్యాసం ఎత్తుకున్నారు. మాట్లాడేకొద్దీ పెట్టె వేడెక్కుతుంది. దాని పైరేకు మీద చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉంది. ఎర్ర ముల్లు మాత్రం పెట్టిన చోటే మహారాజులా నిలబడి ఉంది. ఈ దిక్కుమాలిన పెట్టె ఈ ఒక్క పూట జారకపోతే నా గతి ఏమిటని అప్పుడు భయమేసింది. ఇన్నాళ్ళూ ఎన్నో వద్దని మొక్కుకున్నదాన్ని, జారాలని మొక్కుకున్నది ఆ ఒక్కసారే.

ఉపన్యాసం అయింది. వంతులు మళ్ళీ మొదలు. కళ్ళజోళ్ళాయన పలికాడు. సన్నటి మనిషి, సన్నటి గొంతు. అది కాస్తా బావిలోంచి ఎవరో మూలిగినట్టు వచ్చింది. డ్రిల్లు మాస్టారు ఎలుగుబంటి. ఆ తరవాత పలికినవాడు ఇంకో ఎలుగుబంటి. మా ఆయన చెయ్యి నాబు దగ్గరికి వెళ్ళి ఆగిపోయింది.

"అందరూ జారిపోతున్నారేమిటి?" అన్నారు మైకులో.

నర్సు వంతు వచ్చింది. ఆడపిల్ల గొంతు మగాడి గొంతై వచ్చింది. "పెద్దాయనా, ఇంతమందిమి ఒకేసారి, ఒకే వైపుకి, ఒకే కొలతలో ఎలా జారతామండీ?"

గదిలో పెట్టె బుస తప్ప ఏమీ లేదు. ఆయన ముల్లు వంక చూశారు. పైరేకు మీద అరచెయ్యి ఆనించారు. ఆ చెయ్యి అలాగే ఉండిపోయింది.

"ఎన్నాళ్ళుగా?" అన్నారు చివరికి.

"చాలా కాలంగా అన్నగారూ" అంది బావిలోని గొంతు. "మిమ్మల్ని నొప్పించడం ఇష్టంలేక."

నేను ఆయన తగ్గుతారనుకున్నాను. తగ్గలేదు. నేనెప్పుడూ చూడనంత కోపం వచ్చింది ఆయనకి. 

"నొప్పించడం ఇష్టంలేకా? నన్ను గుడ్డివాణ్ణి చేసి చెయ్యి పట్టుకుని నడిపించారు. నేను ముందు నడుస్తున్నాననుకున్నాను. మీకు తప్పు చెబితే తిడతానని భయమా? తిడితే తిడతాను, పెట్టె విప్పి చూసుకునేవాణ్ణి కదా. నేను అడిగానా లేదా ఆ రోజు? ఒక్కొక్కరినీ అడిగానా లేదా?"

ఆయన బొత్తాం వదిలి, మళ్ళీ నొక్కారు.

"ఒక్కతే నిజం చెప్పింది. దాన్ని నేను గెంటేశాను." ఆయన గొంతు ఇప్పుడు వాళ్ళకి బాతులా వినిపిస్తూ ఉంటుందని నాకు గుర్తొచ్చింది. నవ్వు రాలేదు. "నిలకడ లేనిది అన్నాను. అందరి ముందూ అన్నాను. అందరూ వినండి. జారింది నేను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇప్పుడు అందరూ బొత్తాలు వదిలేసి ఊరుకోండి."

ఆయన దాని కాల్ సైన్, అంటే గాల్లో దాని లైసెన్సు పేరు, పలికారు. ఒక్కో అక్షరం విడివిడిగా, పరీక్షలో పిల్లాడిలా.

బుస.

మళ్ళీ పలికారు. బుస. ఎక్కడో ఉరుము లాంటి చిటపట. అది చీటీ చూడలేదు. చూసినా చింపేసింది. పెట్టె ఇంకా మంచం కిందే ఉంది. లేదా ఆ కంపెనీ ఆయన ముందే తీసుకుపోయాడు. లేదా బయటికి తీసి, తొందరలో ఆ నల్లబడ్డ ప్లగ్గులో పెట్టి... నేను లేచి నిలబడ్డాను. "వెళ్ళి చూసొస్తాను" అన్నాను. ఆయన నా చెంగు పట్టుకుని ఆపారు. కళ్ళు పెట్టె మీదనుంచి తీయలేదు.

"తీగ కట్టుకోవాలి కదే. టైము పడుతుంది."

కాల్ సైన్ మళ్ళీ పలకలేదు. గాల్లో బంధుత్వాలు ఉండకూడదన్న మనిషి బొత్తాం నొక్కి, "బుల్లెమ్మా, నాన్నని" అని మాత్రం అని వదిలేశారు.

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. ఆ చప్పుడు దూరమై ఆగిపోయింది. గది గోడ మీద ఎండ ఫ్రేము అంచు దాకా పాకింది. అంతమంది వింటున్న ఆ గాలిలో ఒక్కరు దగ్గలేదు. నా కోపమంతా ఎటు పోయిందో తెలియలేదు. పీట మీద కూలబడ్డాను.

అప్పుడు బుస మధ్యలోంచి ఏదో లేచింది. మాట కాదు, ముందు ఒక గురగుర. లావుపాటి, మొరటు గొంతు, మగవాడిదో మృగానిదో తెలియకుండా. ఆయన చెయ్యి నాబు మీదికి వెళ్ళింది. ఇంతకాలం అందరూ ఆయన కోసం తిప్పిన నాబు ఆయన తిప్పారు. వెంట్రుకవాసి. ఇంకో వెంట్రుకవాసి. గొంతు పైకి లేస్తూ, సన్నబడుతూ, ఒక్కో మాటకీ మా పిల్లదవుతూ వచ్చింది.

"...వినిపిస్తోంది నాన్నా. ఇంకా కిందే ఉన్నావు. మెల్లగా పైకి రా. తొందరేం లేదు, నేను ఇక్కడే ఉంటాను."